బొమ్మరైలు పాయింట్లు: వాని దోషములను కనుగొను విధము

రైలుబండి యొక లైనునుండి వేఱొక లైనునకు మరలవలెనన్న పట్టాల కొసలు ప్రక్కకు జరుగవలయును. అట్లు జరుగు భాగమును రైల్వేవారు పాయింటు అందురు. పూర్వము స్టేషనులలో బరువైన మీటలు లాగి పాయింట్లను మార్చుచుండిరి. ఇప్పుడు పెక్కుచోట్ల విద్యుద్యంత్రములే ఆ పని చేయుచున్నవి. బొమ్మరైళ్లలోను ఇట్టి యేర్పాటు కలదు. బల్లయొద్ద కూర్చుండి చిన్న మీటను కదల్చినంతనే దూరముననున్న పాయింటు మారును.

ఈ సంవత్సరము మా విజ్ఞాన సంఘపు బాలురు పాత అమెరికా బొమ్మరైలు నొకదానిని బల్లపై అమర్చిరి. అందలి పాయింటు ఎడతెగక గుంయిమని మ్రోగుచు వేడెక్కుచున్నదనియు, అది చెడిపోయినది గనుక పారవేసి వేఱొకటి తెప్పింతుమా యనియు మమ్మడిగిరి. వేఱొకటి తెప్పించుటకు వెల యెక్కువ. అంతకంటె ముఖ్యమైన మాట యేమనగా, ఆ పాయింటు చెడిపోలేదు. మ్రోగుచున్న చోటనే దోషమున్నదని తలంచుట సహజమే గాని, ఈ యంత్రము విషయములో అది తఱచుగా తప్పుత్రోవ.

మొదట దాని నిర్మాణమును తెలిసికొందము. 1900వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జాషువా లయొనెల్ కవెన్ అను నతడు తన భాగస్వామితో కూడ స్థాపించిన లయొనెల్ కంపెనీ, 1938లో 022 అను సంఖ్యగల పాయింటును వెలువరించినది. అట్టివి నేటికిని అనేకుల యిండ్లలో పనిచేయుచున్నవి. ఈ రైలుకు పట్టాలు మూడు. బయటి పట్టాల నడుమ వెడల్పు ఒకటింబావు అంగుళము. నడిమి పట్టాగుండ విద్యుత్తు ఇంజనులోనికి వచ్చి, చక్రములగుండ బయటి పట్టాలను చేరి ట్రాన్స్‌ఫార్మరునకు మరలిపోవును. పాయింటు ప్రక్కనున్న పెట్టెలో రెండు తీగచుట్టలును, వాని నడుమ ఇటు నటు జరుగు ఇనుప కడ్డీయు నున్నవి. ఒక చుట్టలో విద్యుత్తు ప్రవహించిన కడ్డీ ఇటు, రెండవదానిలో ప్రవహించిన అటు లాగబడును. కడ్డీతో కూడ పట్టాల కొసలును, పెట్టెమీది చిన్న లాంతరును తిరుగును.

చుట్టలకు ఒక కొసను విద్యుత్తు ఎల్లప్పుడును సిద్ధముగానే యుండును. రెండవ కొస బయటి పట్టాతో కలిసినగాని వలయము పూర్తికాదు. మీటను నొక్కుట యనగా ఆ రెండవ కొసను బయటి పట్టాతో ఒక్క క్షణము కలుపుటయే. చుట్ట చేయబడినది ఆ యొక్క క్షణము కొఱకే. వలయము తెగక నిలిచినయెడల అది మ్రోగును. మన దేశపు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు గలది గనుక అయస్కాంతబలము సెకండునకు 100 మారులు పెరిగి తగ్గుచుండును; ఆ కంపనమే మనకు వినబడు ధ్వని. కడ్డీ దారిలో చిక్కుకొని చుట్టలోనికి పూర్తిగా రానిచో కీడు మఱింత యెక్కువ. ఇనుము లోపల నిండుగా లేనపుడు చుట్ట విద్యుత్తును తక్కువగా అడ్డగించును గనుక ప్రవాహము హెచ్చును. వేడిమికి తీగపై పూత కాలిపోవును. అప్పుడది నిజముగనే చెడిపోయినదగును.

కావున మ్రోత వినబడిన వెంటనే విద్యుత్తును ఆపవలయును. పిమ్మట మీటనుండి వచ్చు తీగలను పాయింటునుండి విప్పి, మరల ఒక్క క్షణము విద్యుత్తు నిచ్చి చూడుడు. మ్రోత ఆగినచో దోషము మీటలోనో తీగలలోనో యున్నది. లోపలి రేకు వంగి తిరిగిరాకపోవుట, తీగల తొడుగు చినిగి ఒండొంటిని తాకుట తఱచుగా చూచెదము. ఆగనిచో పాయింటును పట్టాలనుండి విడదీసి, ఒంటరిగా బల్లపైనుంచి, నడిమి పట్టాకును బయటి పట్టాకును విద్యుత్తు నిండు. ఇప్పుడు మ్రోత లేనిచో యంత్రము నిర్దోషి. దోషము దాని పొరుగున నున్నది. అప్పటికిని మ్రోగినచో లోపలి బంధకములు చెడినవని తెలియును. ఒక్కమారు ఒక్క మార్పే చేయవలయును. రెండు మార్పులు కూడ చేసినవానికి ఏది గుణమిచ్చినదో ఎన్నటికిని తెలియదు.

మా బాలుర పాయింటు ఒంటరిగా నున్నప్పుడు మౌనము వహించినది. కారణ మిది. ఈ పాయింటునకొక చక్కని గుణము కలదు. శాఖవైపునుండి బండి వచ్చునపుడు పాయింటు ప్రతికూలముగా నుండినను, అది తనంతట తానే మారి బండిని పడిపోకుండ కాపాడును. ఇందుకై రెండు శాఖలలోను ఒక్కొక్క చిన్న పట్టాముక్కను తక్కిన పట్టాలతో కలియకుండ వేఱుచేసి తీగచుట్టకు కలిపినారు. బండి దానిపైకి రాగానే ఇనుప చక్రములును ఇరుసును వంతెనవలె నిలిచి వలయమును పూర్తిచేయును. ఆ ముక్కలు పొరుగు పట్టాతో కలియు చోట్ల లోహపు పిన్నునకు బదులు ఫైబరు పిన్ను నుంచవలెను. పాయింటు ఒక్కింటికి ఇట్టివి రెండు. చూచుటకు గోరంత వస్తువులు! పాతవి అరిగి రాలిపోయినప్పుడు ఎవరో లోహపు పిన్ను పెట్టుదురు. పట్టాలు గట్టిగా అతుకుకొనుటచే అంతయు బాగుగ నున్నట్లే తోచును. కాని బండి లేకున్నను ఉన్నట్లే వలయము పూర్తియై చుట్ట కాలుచుండును. మా వారును అట్లే చేసియుండిరి. రెండు ఫైబరు పిన్నులతో పని తీరినది. పిన్నులు సరిగానున్నను బండిని ఆ ముక్కపై నిలిపియుంచినచో ఇదే అపాయము కలుగును.

కొన్ని పాయింట్లు మ్రోగవు గాని మందకొడిగా కదలును. బండిని మెల్లగా నడుపునపుడు పట్టాలలో వోల్టులు తగ్గును. పాయింటునకును అవియే గదా! ఇందుకై పెట్టెలో ప్రత్యేకమైన ప్లగ్గు నమర్చు తావు కలదు. దానిద్వారా 14 నుండి 18 వోల్టుల స్థిరమైన విద్యుత్తు నిచ్చినయెడల పాయింటు బండి వేగముతో నిమిత్తము లేక పనిచేయును. అప్పటికిని బిగిసియున్నచో విద్యుత్తు నాపి, కొసలను చేతితో కదల్చి చూడుడు. గట్టిపడిన పాత జిడ్డు, దుమ్ము, వంగిన పట్టా మున్నగునవి కారణములు. కడ్డీ కదలు రంధ్రమున నూనె పోయరాదు. దుమ్ము చేరి బంకయగును.

తలిదండ్రులతో ఒక మాట. అమెరికాలో అమ్మిన ట్రాన్స్‌ఫార్మరు సుమారు 110 నుండి 120 వోల్టులకు చేయబడినది. మన గోడ ప్లగ్గునందలి 230 వోల్టులకు దానిని తిన్నగా కలిపినచో కాలిపోవును. నడుమ వోల్టులు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు, తగిన వాట్టులు గలది, ఉండవలెను. మన విద్యుత్తు 60 ఆవృత్తులు గాక 50 మాత్రమే గలదగుటచే అప్పటికిని పాత యంత్రము కొంత యెక్కువ వేడెక్కును, గంటలకొలది నడుపరాదు. పాత రబ్బరు తీగలు పగిలియున్నచో మార్చకముందు ప్లగ్గులో పెట్టనే కూడదు. పట్టాలయందలి విద్యుత్తు పిల్లలు పనిచేయుటకు తగినంత స్వల్పమైనదే గాని, గోడకును ట్రాన్స్‌ఫార్మరునకును నడుమనున్న భాగమును విద్యుత్తు పని యెఱిగిన పెద్దవారే ముట్టవలయును.