మిలేతు ఓడరేవులో ఒక వీడ్కోలు

మీ బైబిలులో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము, 17 నుండి 38 వచనములు తెరచి చూడండి.

క్రీ.శ. 57 ప్రాంతమున పౌలు యెరూషలేముకు వెళ్లుచున్నాడు. పెంతెకొస్తు దినమునకు అక్కడ ఉండాలని త్వరపడుచు, ఎఫెసులో ఆగక మిలేతులో దిగి, ఎఫెసు సంఘపు పెద్దలకు కబురు పంపాడు. దాదాపు 50 కిలోమీటర్ల దూరం. అయినా వారు వచ్చారు. మూడు సంవత్సరములు తమ మధ్య కన్నీళ్లతో పరిచర్య చేసిన సేవకుడు ఆయన. ఇకమీదట తన ముఖము చూడరని పౌలు చెప్పినప్పుడు వారు ఆయన మెడమీద పడి బహుగా ఏడ్చి, ఓడ వరకు సాగనంపారు.

ప్రియులారా, మన కలయికలన్నీ ఇంతే. గల్ఫుకు వెళ్లే కుమారుని సాగనంపిన తల్లికి ఇది తెలుసు. నిరుటి క్రిస్మస్‌కు మన ప్రక్కన కూర్చున్నవారు ఈ ఏడు లేకపోవచ్చు.

అయితే పౌలు ఏడ్చాడే గాని పశ్చాత్తాపపడలేదు. ఎందుకు? మొదటిది, చెప్పవలసినది ఏదీ దాచుకోలేదు (20, 27 వచనములు). రెండవది, ఎవరి వెండి బంగారములనూ ఆశించలేదు. తన చేతులతో కష్టపడ్డాడు (33, 34). మూడవది, వారిని తనకు కట్టివేసుకొనక, దేవునికిని ఆయన కృపావాక్యమునకును అప్పగించాడు (32). మనిషి వెళ్లిపోయినా, అప్పగింపబడినవారు అనాథలు కారు.

ఆ మిలేతు నేడు టర్కీ దేశంలో ఉంది. మెయాండరు నది తెచ్చిన ఒండ్రుమట్టి ఆ రేవును పూడ్చివేసింది. సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనుకకు పోయింది. వారు కన్నీరు కార్చిన చోట నేడు ఓడ లేదు, అల లేదు. రేవు కూడా నిలువలేదు గాని, వారిని అప్పగించుకొన్న దేవుడు నిలిచియున్నాడు.

సహోదరుడా, సహోదరీ, నీవు మాటలాడడం మానిన అన్న ఉన్నాడా? క్షమాపణ అడగవలసిన అత్తగారో, కోడలో ఉన్నారా? సువార్త చెప్పాలనుకొని వాయిదా వేసిన పొరుగువారు ఉన్నారా? మరల కలుద్దాములే అనుకొనవద్దు. ఓడ బయలుదేరకముందే వెళ్లు. ఈ సాయంకాలమే ఆ తలుపు తట్టు.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, నీవు మాకిచ్చిన మనుష్యులను ఈ దినమే ప్రేమించుటకు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.