పాఠశాలలోని కొన్ని ఆంగ్లపదముల పుట్టుక

ప్రతిదినమును పాఠశాలలో మనము పలుకు ఆంగ్లపదములు కొన్ని గలవు. వాని వర్ణక్రమమును వల్లించువారే గాని, అవి యెచ్చటనుండి వచ్చెనో విచారించువారు అరుదు. ఒకనాడు నా తరగతిలో నొక బాలుడు, "అయ్యా, పెన్సిలనగా చిన్న పెన్ను గదా!" యనెను. తరగతి యంతయు నొప్పుకొనెను. బాల్యమున నేనును అట్లే తలచితిని.

అది సరికాదు. "పెన్" అను మాట లాటిను భాషలోని "పెన్నా" నుండి వచ్చినది. దానికి ఈక యని యర్థము. పూర్వము ఐరోపావారు పెద్దబాతు ఈక కొనను చెక్కి, సిరాలో ముంచి వ్రాసెడివారు. "పెన్సిల్" అనునది "పెనికిల్లుస్" అను వేరొక లాటిను పదమునుండి పుట్టినది. దానికి చిన్న తోక యని యర్థము. చిత్రకారుని కుంచెకు అది పేరు. 16వ శతాబ్దమున ఇంగ్లండులోని బారోడేలునందు గ్రాఫైటు దొరకిన పిమ్మట, ఆ పేరు క్రమముగా మన పెన్సిలునకు సంక్రమించెను. గ్రాఫైటును నాటివారు సీసమని భ్రమించిరి. అందుచేతనే పెన్సిలులోని పుల్లను నేటికిని "లెడ్" అందురు. నిజమునకు దానిలో సీసము లేదు, అది కర్బనము. కావున ధ్వనిసామ్యమునుబట్టి పదములకు బంధుత్వము కట్టరాదు.

"పేపర్" అను పేరు నైలునదీతీరమున పెరుగు "పపైరస్" అను తుంగజాతి మొక్కది. నేటి కాగితములో ఆ మొక్క లేదు. పేరు మాత్రము నిలిచినది. మన "కాగితము" సైతము పారసీకమునుండి వచ్చిన మాటయే. ఎరువు తెచ్చుకొనుట ఏ భాషకును అవమానము కాదు.

పదమునకు పుట్టుక యొకటి, వాడుక యొకటి. పెన్ను తెమ్మనిన ఈకను తెచ్చువానిని చూచి లోకము నవ్వును. అర్థమును నిర్ణయించునది వాడుకయే. అయినను పుట్టుక నెరిగినచో ఆ మాట మనస్సున నాటుకొనును.

కడపట "స్కూల్" అను మాట. దీనికి మూలము గ్రీకు పదమగు "స్కోలే", అనగా తీరిక. పనిపాటలనుండి విరామము గలవారే విద్యాగోష్ఠిలో కాలము గడుపగలిగిరి గనుక, తీరిక పేరే విద్యాస్థానమునకు పేరయ్యెను. బడికి తీరిక యను పేరా యని మీరు నవ్వవచ్చును. కాని విద్యార్థులారా, మీరిచ్చట బల్లలపై కూర్చుండియున్న వేళ, మీ తలిదండ్రులు పొలములోనో మగ్గమువద్దనో శ్రమించి, ఈ తీరికకు వెల చెల్లించుచున్నారు. ఈ పాత యర్థము వాడుకలో నశించినను, మన మనస్సులలో నశింపరాదు.