వలల్లో చిక్కే సముద్ర క్షీరదాల సంరక్షణ: వకీటా నేర్పిన పాఠాలు

తిమింగలాలు, డాల్ఫిన్లు, పోర్పాయిస్‌లు నీటిలో జీవించినా ఊపిరితిత్తులతోనే శ్వాసిస్తాయి. నీటి అడుగున వలకు చుట్టుకున్న జీవి గాలి కోసం పైకి రాలేక ఊపిరాడక మరణిస్తుంది. సన్నని నైలాను దారంతో అల్లి, నీటిలో తెరవలె నిలబెట్టే గిల్ నెట్లు ఇందుకు ప్రధాన కారణం. ధ్వని ప్రతిధ్వనుల సాయంతో పరిసరాలను గుర్తించే ఈ జీవులు అంత సన్నని దారాన్ని సకాలంలో పసిగట్టలేవు.

వకీటా పరిస్థితి

మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర భాగంలో మాత్రమే జీవించే వకీటా సుమారు ఒకటిన్నర మీటరు పొడవుండే పోర్పాయిస్. దీనిని శాస్త్రజ్ఞులు 1958లో తొలిసారి వర్ణించారు. 1997లో సుమారు 567గా అంచనా వేసిన వీటి సంఖ్య 2008 నాటికి 245కు, 2015 నాటికి 60కి తగ్గింది. 2023 సర్వేలో 10 నుండి 13 వరకు మాత్రమే కనిపించినట్లు నిపుణులు భావించారు. ఆడ వకీటా ఒక కాన్పుకు ఒకే పిల్లను కంటుంది. కావున కొద్దిపాటి మరణాలైనా పూడ్చలేని నష్టమే.

వకీటాను ఎవరూ వేటాడరు. రొయ్యలకు, టోటోబా చేపకు వేసిన వలల్లో అది చిక్కుతుంది. టోటోబా వేటను 1975లోనే నిషేధించినా, దాని గాలితిత్తికి చైనాలో లభించే అధిక ధర దొంగచాటు వేటను నిలిపింది.

చర్యలు, ఫలితాలు

మెక్సికో ప్రభుత్వం 2015లో గిల్ నెట్లను తాత్కాలికంగా నిషేధించి, మత్స్యకారులకు పరిహారం చెల్లించింది. 2017లో నిషేధాన్ని శాశ్వతం చేసింది. అయినా అక్రమ వేట ఆగలేదు. అదే ఏడాది వకీటాలను పట్టి సంరక్షించే ప్రయత్నంలో ఒక ఆడ వకీటా మరణించడంతో ఆ కార్యక్రమాన్ని విరమించారు. 2022లో నౌకాదళం కొక్కేలు అమర్చిన కాంక్రీటు దిమ్మెలను సముద్రంలో వేయగా, ఆ ప్రాంతంలో గిల్ నెట్ల వాడకం బాగా తగ్గింది.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

నిషేధం ఒక్కటే చాలదు. రొయ్యల వేటకు తేలికపాటి ట్రాలు వలలు రూపొందించినా, అవి మత్స్యకారులలో విస్తృతంగా వాడుకలోకి రాలేదు. ప్రత్యామ్నాయ వలను మత్స్యకారుల పడవలపైనే పరీక్షించి, రాబడిని లెక్కకట్టి, శిక్షణనిచ్చిన పిమ్మట నిషేధాన్ని అమలుచేయడం మేలు.

మార్కెటు ప్రభావం కూడా గమనార్హం. 2018లో అమెరికా న్యాయస్థానం ఆదేశం మేరకు, వకీటా నివసించే ప్రాంతంలో గిల్ నెట్లతో పట్టిన చేపలు, రొయ్యల దిగుమతి నిలిచిపోయింది. సముద్ర క్షీరదాల రక్షణకై అమెరికా 1972లో చేసిన చట్టం ఇందుకు ఆధారం. ఆ దేశానికి సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసే మన దేశానికీ ఈ చట్టం వర్తిస్తుంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కూడా డాల్ఫిన్లకు, తిమింగలాలకు రక్షణ కల్పిస్తున్నది. కావున వలలో చిక్కిన ప్రతి క్షీరదాన్ని నమోదు చేయడం, సజీవంగా ఉంటే వల కోసి విడిచిపెట్టడం మన తీరంలోనూ శిక్షణాంశాలు కావాలి. సంఖ్య వందలలో ఉన్నప్పుడు సాధ్యమైన రక్షణ పదికి చేరాక ఎంతో కష్టమని వకీటా ఉదంతం స్పష్టం చేస్తున్నది.