చిట్టీ కట్టే ముందు.. లెక్క చూసుకోండి!

ఆపదలో ఆసరా.. ఆదమరిస్తే అప్పు
తోటి ఉద్యోగుల చిట్టీల్లో నమ్మకమే పూచీకత్తు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చిట్టీ కట్టని కుటుంబాలు అరుదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో ఒకే గనిలో పనిచేసే సింగరేణి కార్మికులు, ఒకే పాఠశాలలోని ఉపాధ్యాయులు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాల బీడీ కార్మిక మహిళలు జట్లుగా ఏర్పడి నెలనెలా సొమ్ము జమ చేసుకుంటారు. ఆడపిల్ల పెళ్లి, పిల్లల చదువు, ఇంటి స్లాబు.. ఏ అవసరం వచ్చినా మొదట గుర్తొచ్చేది చిట్టీయే. బ్యాంకు కాగితాలు అడుగుతుంది. గిరిగిరి వ్యాపారి అధిక వడ్డీ గుంజుతాడు. చిట్టీకి తోటివారి మాట చాలు.

డ్రా.. పాట
స్నేహితుల చిట్టీలు రెండు రకాలు. 20 మంది నెలకు రూ.5 వేల చొప్పున కడితే రూ.లక్ష అవుతుంది. డ్రా పద్ధతిలో పేరు వచ్చిన వారికి ఆ మొత్తం దక్కుతుంది. పాట పద్ధతిలో అవసరమున్న వారు తగ్గించి పాడుకుంటారు. ఒకరు రూ.20 వేలు వదులుకుంటే వారికి రూ.80 వేలు అందుతాయి. నిర్వాహకుడి కమీషన్ 5 శాతం, అంటే రూ.5 వేలు పోగా మిగిలిన రూ.15 వేలను 20 మందికి పంచితే తలా రూ.750 వస్తుంది. ఆ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది రూ.4,250 మాత్రమే.

చివరివారికే ముప్పు
డ్రా చిట్టీలో మొదట ఎత్తుకున్న వారికి అది వడ్డీ లేని అప్పు. చివరివారికి వడ్డీ రాని పొదుపు. పది నెలలు గడిచేసరికి ఎత్తుకున్న పది మంది ఇంకా రూ.5 లక్షలు కట్టాల్సి ఉంటుంది. మిగతా పది మంది అప్పటికి కట్టిన సొమ్మూ సరిగ్గా రూ.5 లక్షలే. అంటే వీరి కష్టార్జితమంతా వారి మాటపైనే నిలిచి ఉంటుంది. చివరి నెలలో 19 మందికి కట్టడమే తప్ప రావాల్సింది ఏమీ ఉండదు. ఎవరైనా బదిలీపై వెళ్లినా, పదవీ విరమణ చేసినా, మంచాన పడినా వాయిదాలు ఆగిపోయే ప్రమాదం ఉంది. నిర్వాహకుడే ఊరు విడిచిపోతే అందరూ వీధిన పడతారు.

చట్టం ఏం చెబుతోంది?
1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ప్రభుత్వ ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపరాదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. 2019 సవరణతో ఒక వ్యక్తి నడిపే చిట్టీల పరిమితి రూ.లక్ష నుంచి రూ.3 లక్షలకు, నిర్వాహకుడి గరిష్ఠ కమీషన్ 5 నుంచి 7 శాతానికి పెరిగింది. రిజిస్టరైన చిట్టీలో వివాదం వస్తే చిట్స్ రిజిస్ట్రార్‌ను ఆశ్రయించవచ్చు. నోటి మాట చిట్టీకి ఆ అవకాశం లేదు. ప్రామిసరీ నోటుతో సివిల్ కోర్టుకు, మోసం జరిగిందని పోలీసుల వద్దకు వెళ్లడమే మిగులుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
* రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొదటే అడిగి తెలుసుకోవాలి.
* ఎత్తుకున్న వారి నుంచి నోటుతో పాటు ఇద్దరి జమానతు తీసుకోవాలి.
* ప్రతి వాయిదాకు రసీదు లేదా పుస్తకంలో సంతకం ఉండాలి. బ్యాంకు ఖాతా ద్వారా చెల్లిస్తే మరీ మంచిది.
* సభ్యుల జాబితా, ఎత్తుకున్న వారి వివరాలు అందరి దగ్గరా ఉండాలి.
* ఒకే జీతంపై నాలుగైదు చిట్టీలు కట్టే వారిని చేర్చుకోరాదు.

తోటివారిని సంతకం అడగడం మొహమాటమే. అయితే అడగకపోవడం వల్ల సొమ్ముతో పాటు స్నేహమూ పోతుంది.