సొంతూరికి తిరిగొస్తున్నారా? డాక్టరెక్కడో చూసుకోండి

శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానాల రోజున శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డు జనంతో నిండిపోతుంది. ఒడిశా నుంచి కూడా వస్తారు. ఆ సందడి అయ్యాక వీధులు మళ్లీ ఖాళీ. మా శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లది ఇదే తీరు. వయసులో ఉన్నవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నైలలో ఉంటారు. ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, వాళ్ల మాత్రల డబ్బాలు. ‘మీ అబ్బాయి రాలేదామ్మా?’ అని ఓపీలో అడగడం నేనెప్పుడో మానేశాను.

ఆమధ్య ఒక పెద్దాయన వచ్చారు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, పాత ఇల్లు బాగుచేయించుకుని భార్యతో ఊరు చేరారు. ‘మంచి గాలి, ఏటి ఒడ్డు, శివుడు... ఇంకేం కావాలి డాక్టరుగారూ’ అన్నారు. ఓ రాత్రి ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చింది. బండి దొరికి పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లవారింది. ఆమె బతికారు. కానీ నెల తిరక్కుండా ఇంటికి తాళం పడింది. ఆగమని చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది.

ఇల్లిచ్చి పిలిస్తే వస్తారా?

జనాన్ని రప్పించుకోవడం కొత్తేమీ కాదు. కళింగనగరం నుంచి ఏలిన తూర్పు గంగరాజులు పన్నుల్లేని అగ్రహారాలిచ్చి పండితులను స్థిరపరిచారు. ఆ కళింగనగరం మన ముఖలింగమేనని చాలామంది చరిత్రకారుల మాట. 2019లో ఇటలీలోని సంబూకా అనే ఊరు పాత ఇళ్లను ఒక్క యూరో ప్రారంభ ధరకు వేలం వేసింది. విదేశీయులు ఎగబడ్డారు. అదే దేశంలోని కలబ్రియా ప్రాంతం మాత్రం డాక్టర్లు దొరక్క 2022లో క్యూబాతో ఒప్పందం చేసుకుని అక్కడి వైద్యులను తెచ్చుకుంది. ఇల్లు చవగ్గా ఇవ్వచ్చు, అర్ధరాత్రి డాక్టరును ఇవ్వడమే కష్టం.

ఈ చిక్కుకు జపాన్ 1972లోనే ఒక దారి వెతికింది. జిచి వైద్య విశ్వవిద్యాలయం పెట్టి, ప్రతి ప్రాంతం నుంచి కొద్దిమందిని ఎంపిక చేసి, ఫీజు భారం లేకుండా చదివిస్తోంది. చదువయ్యాక దాదాపు తొమ్మిదేళ్లు వాళ్లు సొంత ప్రాంతంలో పనిచేయాలి. పల్లెల్లో పెరిగినవాళ్లనే వైద్యవిద్యలో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మన పీహెచ్‌సీ డాక్టర్లకు పీజీలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. మంచిదే. అయితే సీటొచ్చిన రోజే ఆ డాక్టరు పీహెచ్‌సీ వదిలి వెళ్తాడు. ఉండడానికి సరైన క్వార్టర్సు, పిల్లలకు బడి చూపిస్తే కొందరైనా తిరిగొస్తారని నా నమ్మకం.

మీరు తిరిగొస్తుంటే...

పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. మీ మాత్రల కంపెనీ పేర్లు కాదు, మందు పేర్లు రాయించుకోండి. అప్పుడే ఆ బ్రాండ్ దొరక్కపోయినా అదే మందు తీసుకోవచ్చు. వచ్చిన వారంలోనే పీహెచ్‌సీలో బీపీ, షుగర్ చూపించుకోండి. క్రియాటినిన్ పరీక్ష కూడా అడగండి. చాలామంది హుషారుగా పొలంలోకి దిగి, ఒళ్లు నొప్పులకు మందులషాపు మాత్రలు వారాల తరబడి మింగుతారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి ప్రమాదం.

రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఏ ఆసుపత్రిలో ఉంటారో, ఈసీజీ తీస్తారో లేదో, గుండెలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందో లేదో ముందే కనుక్కోండి. నొప్పి మొదలైన తొలి గంటల్లోనే ఆ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మీ వీధిలోకి అంబులెన్సు వస్తుందో లేదో పగలే చూసుకుని, రాకపోతే ఎక్కడ ఆగాలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.