మూలన పెట్టిన బండి ఎందుకు మొరాయిస్తుంది?

కువైట్‌కో దుబాయ్‌కో పనికి వెళ్లే యువకుడు తన పాత బైకును వసారాలో నిలిపి, మీద పట్టా కప్పి వెళతాడు. ఏడాదిన్నర తరువాత సెలవుకు వచ్చి కిక్ కొడితే ఇంజిన్ పలకదు. చోక్ లాగితే ఎలాగో స్టార్టవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు బ్యాటరీని అనుమానిస్తారు. కానీ కిక్ ఉన్న పాత బళ్లలో చాలావాటికి స్పార్కు మాగ్నెటో నుంచే వస్తుంది. అసలు దోషి చాలాసార్లు కార్బురేటర్ అడుగున ఉన్న చిన్న గిన్నెలో ఉంటుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అంతకుముందు కొన్న బళ్లు మాత్రం ఇంకా లక్షల్లో తిరుగుతున్నాయి. వాటిలో ట్యాంకు నుంచి జారిన పెట్రోలు ముందుగా ఫ్లోట్ గిన్నెలో నిలుస్తుంది. ఇంజిన్ గాలిని పీల్చినప్పుడు కార్బురేటర్ ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తేడా వల్ల గిన్నెలోని పెట్రోలు జెట్ల గుండా పైకి ఎక్కుతుంది. ఈ ఏర్పాటు పనిచేయాలంటే గిన్నెలో ఎప్పుడూ బయటి గాలి పీడనమే ఉండాలి. అందుకే దానికి గాలి రంధ్రం ఉంటుంది. బండి నడుస్తున్నంత కాలం ఈ రంధ్రం వల్ల ఇబ్బంది లేదు, నిలిపేస్తేనే చిక్కు.

పెట్రోలు అంటే ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. తేలికైనవి ముందు ఆవిరవుతాయి. చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి కావలసినవి సరిగ్గా అవే. మిగిలిన వాటిలో ఒలిఫిన్ల వంటి అస్థిరమైన అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లుగా, చివరికి బంకగా మారతాయి. ఇత్తడి జెట్లలోని రాగి ఈ చర్యను మరింత వేగం చేస్తుంది. గిన్నెలో ఉండేది కొద్దిపాటి పెట్రోలే కాబట్టి కొన్ని వారాల్లోనే అది చిక్కబడి, ఎండి, గోధుమరంగు పొరను మిగులుస్తుంది.

ఆ పొర ఎంత పలచనైనా నష్టం పెద్దదే. పైలట్ జెట్ రంధ్రం వ్యాసం 0.4 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపలి గోడకు చుట్టూ 0.05 మిల్లీమీటర్ల బంక పడితే వ్యాసం 0.3కు తగ్గుతుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దారి దాదాపు సగానికి మూసుకుపోయినట్లే. వెంట్రుక మందం కూడా లేని పొర చేసే పని ఇది. చోక్ తీస్తే బండి ఆగిపోవడానికి కారణం ఇదే: స్లో స్పీడులో ఇంజిన్‌కు ఇంధనం అందించేది పైలట్ జెట్టే.

ఇథనాల్ సంగతేమిటి? అది గాలిలో తేమను లాక్కుంటుందని, నీరు ఎక్కువైతే దానితో కలిసి అడుగుకు దిగిపోతుందని చాలామంది భయం. అది నిజమే, కానీ ఒకసారి లెక్క చూడాలి. ట్యాంకులో 10 లీటర్ల ఖాళీ జాగా ఉండి, పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా ఉంటే మూత రంధ్రం గుండా రోజుకు సుమారు అర లీటరు గాలి లోపలికి, బయటికి తిరుగుతుంది. 30 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలిలో ఘనమీటరుకు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అంటే అర లీటరులో 15 మిల్లీగ్రాములు, వంద రోజులకు గ్రామున్నర. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలే సుమారు అర శాతం నీటిని కలుపుకోగలదు, 20 శాతం ఉన్నది ఇంకా ఎక్కువ. కాబట్టి ఒక వానాకాలపు గాలి తేమతోనే పెట్రోలు విడిపోవడం కష్టం. మూత రబ్బరు చిట్లి వాన నీరు దిగితే మాత్రం కథ వేరు. ఇక ట్యాంకు ఖాళీ భాగంలోని ఇనుప గోడకు తుప్పు పట్టడానికి ఆ కొద్ది తేమే చాలు.

అందుకని బండిని నిలిపే ముందు చేయవలసింది ఇది. మూడు నాలుగు నెలలైతే తాజా పెట్రోలుతో ట్యాంకు దాదాపు నింపాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పెట్రోలు సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి పైన కొంచెం జాగా వదలాలి. దొరికితే ఫ్యూయల్ స్టెబిలైజర్ కలపవచ్చు. అందులోని ఆంటీఆక్సిడెంట్లు బంక తయారీని ఆలస్యం చేస్తాయి, అంతేగాని పాడైన పెట్రోలును బాగుచేయలేవు. ఏడాదికి మించితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, లోపలి గోడలకు పలచగా ఇంజిన్ ఆయిల్ పట్టించడం మేలు.

రెండు సందర్భాల్లోనూ కార్బురేటర్ ఖాళీగా ఉండాలి. పెట్రోలు ట్యాప్‌ను ఆఫ్‌కు తిప్పి, ఇంజిన్ దానంతట అదే ఆగేవరకు నడపాలి. చాలామంది అక్కడితో వదిలేస్తారు. జెట్లు అందుకోలేని కొంత పెట్రోలు అప్పటికీ గిన్నె అడుగున ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి దాన్ని లోహపు డబ్బాలోకి దించాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేల వెంట పాకి దూరంలోని పొయ్యిని కూడా అందుకుంటుంది. ఈ పని ఆరుబయటే చేయాలి. ఆ పెట్రోలును మురుగు కాలువలో పోయకూడదు.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తే అందులో కొంత సైలెన్సర్‌లోనూ, ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. ఖాళీ చేసిన గిన్నె మళ్లీ నిండుతుంది కూడా.

తిరిగి తీసేటప్పుడు ముందు ట్యాంకు మూత తీసి వాసన చూడాలి. పాడైన పెట్రోలు వార్నిష్‌లా పుల్లటి ఘాటు కొడుతుంది. అలా ఉంటే మొత్తం తీసేసి తాజాది పోయాలి. ట్యాప్ ఆన్ చేసి, గిన్నె నిండేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి, తరువాతే చోక్ లాగి కిక్ కొట్టాలి.