తొలి రైతుల ఆహారం – మాడిన గింజల సాక్ష్యం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో అన్నమంటే వరి అన్నమే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండే చేలను చూసినవారికి, తెలుగువారు మొదటినుండి వరినే తిన్నారని తోచడం సహజం. కాని ‘అన్నం’ అనే మాట ‘తినుట’ అనే అర్థం గల ‘అద్’ ధాతువు నుండి పుట్టింది. తినేదేదైనా అన్నమే; అందులో వరి ప్రసక్తి లేదు. తెలుగునేల తొలి రైతుల విషయంలో ఈ పాత అర్థమే పొసగుతుంది.

ఆ రైతుల కాలం సుమారు క్రీ.పూ. 3000 నుండి 1200 వరకు. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాల మెట్టభూములలో వారి ఆవాసాలు బయటపడ్డాయి. 1957లో రేమండ్ ఆల్చిన్ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిదదిబ్బను తవ్వి, అది పశువుల పేడ కాలగా ఏర్పడినదని తేల్చారు. దానితో ఆ జనులు ప్రధానంగా పశుపాలకులనే అభిప్రాయం బలపడింది. ఎముకలు, పేడబూడిద మిగిలాయి గనుక మందలు కనిపించాయి; పంట కనిపించలేదు.

ఆ పంటను చూపినవి మాడిన గింజలు. పచ్చి గింజ మట్టిలో కుళ్లిపోతుంది. పొయ్యిలో జారిపడి, పూర్తిగా బూడిద కాక బొగ్గుగా మారిన గింజ మాత్రం వేల ఏండ్లు నిలుస్తుంది. విత్తనపు వడ్లను నీటిలో పోస్తే తాలు తేలడం కోనసీమ రైతులెరిగినదే. పురావస్తు శాస్త్రజ్ఞుల పద్ధతియు ఇంచుమించు అదే. తవ్విన మట్టిని నీటిలో కలపగా మన్ను అడుగుకు దిగి, బొగ్గుగింజలు పైకి తేలుతాయి. రైతు తేలినదానిని పారబోస్తాడు. వీరు దానినే సన్నని జల్లెడతో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు.

డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య మొదలైనవారు కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం, బళ్లారి చెంతనున్న సంగనకల్లు వంటి చోట్ల లభించిన గింజలను ఇట్లే పరీక్షించారు. అండుకొర్రలు, కొర్ర జాతికే చెందిన మరొక చిరుధాన్యం, ఉలవలు, పెసలు – ఈ నాలుగే ముఖ్యాహారమని తేలింది. అన్నీ వానకు పండేవే. గోధుమ, యవలు కొన్ని చోట్ల మాత్రమే దొరికాయి. వరి నిత్యాహారం కావడం చాలా తరువాతి మాట. నేడు అతి ప్రాచీనమని ఎంచే జొన్న, రాగి, సజ్జలు సైతం ఆఫ్రికా నుండి వచ్చినవే.

ఉలవగింజ మరొక విషయం కూడా తెలిపింది. అడవి ఉలవకు తోలు మందం. నీరు త్వరగా ఇంకక ఆలస్యంగా మొలుస్తుంది. విత్తి, కోసి, మరల విత్తిన కొద్దీ తోలు పలుచబడింది. ప్రాచీన గింజలను ఎక్స్‌రే కిరణాలతో కొలిచి, 2017లో ఈ మార్పును నిరూపించారు.

అయితే మాడినవే మిగులుతాయి. పాలు, ఆకుకూరలు, పచ్చిగా తిన్న పండ్లు పొయ్యి దాకా రాలేదు. ఆ రైతులు వాటిని ఎంత తిన్నారో ఈ గింజలు చెప్పలేవు.